బరంపురం నుంచి జయపురం దాకా ఏజెంట్లు అమ్మే షెంగెన్ వీసా ప్యాకేజీ: ఏది కొనాలి, ఏది మనమే చేసుకోవాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్ళన్నిటిలోనూ రైలు టికెట్లు, పాన్ కార్డులు చేసే షాపుల బోర్డు మీద ఈమధ్య యూరప్ వీసా అన్న లైను కూడా చేరింది. అంటే యూరప్‌లోని చాలా దేశాలకి ఒక్కటే పనిచేసే షెంగెన్ వీసా. ప్యాకేజీలో ఉండేవి దాదాపు ఒకటే: ఫారం నింపడం, అపాయింట్‌మెంట్ పట్టడం, విమానం, హోటల్ రిజర్వేషన్ కాగితాలు, బీమా, కవరింగ్ లెటర్, ఒడియా కాగితాల అనువాదం, ఆఖర్న ఫైలు సర్దడం. ఇందులో డబ్బిచ్చి చేయించుకోదగ్గవి రెండు: ఒడియా కాగితాల అనువాదం, ఫైలు సర్దుబాటు. రిజర్వేషన్ కాగితాలు మాత్రం ఏజెంటుని బట్టి ప్రమాదకరం. మిగతావి ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఒక పూటలో అయిపోతాయి. అసలు ఆలోచించాల్సిన రెండు సంగతులు, ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలి, ఆ దేశపు ఏ కాన్సులేటు (వీసా ఇచ్చే కార్యాలయం) పరిధిలోకి వస్తాం అన్నవి, ప్యాకేజీలో ఎక్కడా కనిపించవు. ఫైళ్ళు ఎక్కువగా తేడా కొట్టేది అక్కడే.

ముందు పరిధి సంగతి. నియమం ప్రకారం మనం చట్టబద్ధంగా నివాసం ఉంటున్న ప్రాంతం ఏ కాన్సులేటు కిందికి వస్తే అక్కడే దరఖాస్తు పెట్టాలి. జర్మనీ విషయంలో ఒడిశా మొత్తం కోల్‌కతా కాన్సులేటు కిందిది. మన షాపుల వాళ్ళకి పరిచయాలన్నీ విశాఖ, హైదరాబాద్ వైపు ఉంటాయి కాబట్టి ఫైలుని అటే తోసేస్తుంటారు. పర్లాకిమిడి పొలిమేర దాటితే పాతపట్నం, బరంపురం నుంచి కాస్త దిగితే ఇచ్ఛాపురం. మనకి అదంతా ఒకటే ఊరు. కాన్సులేటుకి మాత్రం రాష్ట్రం మారితే పరిధి మారినట్టే. ఆధార్ శ్రీకాకుళం చిరునామాతో, పాస్‌పోర్టు గంజాం చిరునామాతో, ఉద్యోగం రాయగడలో ఉన్నవాళ్ళు ఇక్కడ బోలెడుమంది. అలాంటప్పుడు ఇప్పుడు ఉంటున్న చోటుకి కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం, ఆఫీసు లెటరు లాంటి రుజువు పెట్టి ఆ చిరునామానే ఫారంలో రాయాలి. కొన్ని దేశాలు భారతదేశంలో తమ తరఫున ఫైళ్ళు తీసుకునే వీసా కేంద్రాల్లో ఎక్కడ ఇచ్చినా తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. ఆ దేశం వీసా పేజీ తెరిచి చూడకుండా "ఎక్కడైనా పర్లేదండీ" అనే ఏజెంటు దగ్గర అడ్వాన్సు కట్టొద్దు. కోల్‌కతా వెళ్ళాల్సి వస్తే బరంపురం వాళ్ళకి ఫలక్‌నుమా, ఈస్ట్ కోస్ట్, కోరమాండల్ ఉన్నాయి. రాయగడ, కోరాపుట్ వాళ్ళకి సమలేశ్వరి ఉంది, కాకపోతే చుట్టుదారి. అపాయింట్‌మెంట్ రోజు పొద్దునే దిగేలా కాకుండా ముందురోజుకే చేరేలా టికెట్ చూసుకోండి. మన లైన్లలో బళ్ళు గంటలకొద్దీ ఆలస్యం కావడం కొత్తేమీ కాదు.

ఇక దేశం. షెంగెన్‌లో ఇప్పుడు 29 దేశాలు. క్రొయేషియా 2023లో చేరింది. బల్గేరియా, రుమేనియా 2025 జనవరి 1 నుంచి పూర్తిగా లోపలికి వచ్చాయి. ఒక్క వీసాతో అన్నీ తిరగొచ్చు గానీ, దరఖాస్తు మాత్రం ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికే పెట్టాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. అమ్మాయి మ్యూనిక్‌లో ఉంది, అక్కడ ఇరవై రోజులు, మధ్యలో స్విట్జర్లాండ్, ఇటలీ కలిపి పది రోజులు అనుకుంటే అది జర్మనీ ఫైలే. "జర్మనీకి స్లాట్లు లేవు, ఫలానా దేశం ఈజీ, దానిమీద వెళ్ళిపోండి" అన్న సలహా ప్రతి షాపులోనూ దొరుకుతుంది. ఆ సలహాకి దూరంగా ఉండండి. విమానం దిగింది ఒక దేశంలో, వీసా ఇచ్చింది ఇంకో దేశం, ఆ దేశంలో ఒక్క రాత్రికీ బుకింగ్ లేదు అంటే ఇమిగ్రేషన్ అధికారి ప్రశ్నలు వేస్తాడు. తప్పు వివరాలతో తీసుకున్నారని తేలితే వీసాని అక్కడికక్కడే రద్దుచేసే అధికారం వాళ్ళకుంది. ఆ సంగతి కంప్యూటర్‌లో నమోదై తర్వాతి దరఖాస్తులకీ అడ్డొస్తుంది.

మన ప్రాంతపు ఫైళ్ళకి ప్రత్యేకమైన జబ్బు పేర్లది. తెలుగు ఇంటిపేరు, ఒడిశా రికార్డులు కలిసిన చోట ఒకే మనిషికి నాలుగు పేర్లు తయారవుతాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పేరు విడిగా. బ్యాంకులో "అప్పారావు కె". ఆధార్‌లో "కె అప్పా రావు". ఒడియా పట్టాలో ఇంటిపేరే ఉండదు, రావునే ఇంటిపేరుగా రాసేస్తారు. ఆడవాళ్ళకైతే పుట్టింటి పేరు, అత్తింటి పేరు చిక్కు అదనం. కాన్సులేటు గుమాస్తాకి ఇవన్నీ ఒకరే అని తెలియాల్సిన అవసరం లేదు, మనమే చూపించాలి. పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే ప్రమాణం. బ్యాంకు ఖాతా, ఆధార్ రెండూ దానికి తగ్గట్టు ముందుగానే మార్పించుకోవాలి, వారాలు పడుతుంది. మార్చడం కుదరని పాత పట్టాలు, పెళ్ళి పత్రాలకి ఈ పేర్లన్నీ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ పెట్టాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి: ఫారంలో, బీమాలో, విమానం టికెట్‌లో పేరు ఒకే పద్ధతిలో పడేలా చూడాలి.

అనువాదం దగ్గర ఏజెంటు నిజంగా పనికొస్తాడు. భూలేఖ్ (ఒడిశా భూమి రికార్డుల సైటు) నుంచి దించిన పట్టా, గ్రామ పంచాయతీ కాగితం, పాత జనన ధ్రువపత్రం అన్నీ ఒడియాలో ఉంటాయి. ఒడియా, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చినవాడు చేసి, నోటరీ ముద్ర వేయించి, అసలు కాగితం వెనకాలే జతపరచాలి. తెలుగులో చదువుకుని ఒడియా పొడి అక్షరాలు వచ్చిన కుర్రాడి చేత చేయిస్తే తండ్రి పేరూ మౌజా (రెవెన్యూ గ్రామం) పేరూ తారుమారైపోతాయి. చేయించాక పట్టాలోని ఖాతా నంబరు, ప్లాటు నంబరు, ఎకరాలు-డెసిమల్ (సెంట్ల) లెక్క మీరే వేలు పెట్టి సరిపోల్చుకోండి.

డబ్బు రుజువు గురించి షాపుల్లో చెప్పే మాట ఒక్కటే: "అకౌంటులో ఇంత ఉండాలి." అంత సింపుల్ కాదు. ఫ్రాన్స్ లెక్క బయటికే చెబుతుంది: హోటల్ బుకింగ్ ఉంటే రోజుకి 65 యూరోలు, లేకపోతే 120, అక్కడి మేయరు ఆఫీసు ధ్రువీకరించిన ఆతిథ్య పత్రం ఉంటే 32.50. అంటే ఇరవై రోజుల హోటల్ ప్రయాణానికి 1,300 యూరోలు. కానీ అధికారి చూసేది ఆఖరి బ్యాలెన్సు కాదు, ఆ డబ్బు ఎలా వచ్చిందో, నెలనెలా ఎలా కదిలిందో. దరఖాస్తుకి వారం ముందు బావమరిది దగ్గర తెచ్చి వేసిన నాలుగు లక్షలు స్టేట్‌మెంట్‌లో కొట్టొచ్చినట్టు కనపడతాయి. నిజంగా పొలం అమ్మిన డబ్బో, ఎఫ్‌డీ తీరిన డబ్బో అయితే ఆ కాగితం పక్కనే పెట్టాలి. దమంజోడి, సునాబెడ, జేకేపూర్ లాంటి ఫ్యాక్టరీ ఊళ్ళలో ఉద్యోగులకి పని సులువు: మూడు నెలల జీతం స్లిప్పులు, ఫారం 16, ఐటీ రిటర్నులు, సెలవు మంజూరు పత్రం. ప్రభుత్వ రంగ ఉద్యోగులైతే విదేశీ ప్రయాణానికి అభ్యంతరం లేదన్న ఆఫీసు పత్రం కూడా కావాలి. అది బయటికి రావడానికే నెల పట్టొచ్చు, అన్నిటికన్నా ముందు దానికి అర్జీ పెట్టండి. వ్యాపారస్తులకి జీఎస్‌టీ రిజిస్ట్రేషన్, రిటర్నులు, వ్యాపారం పేరుమీది బ్యాంకు ఖాతా (కరెంట్ అకౌంట్), సొంత ఖాతా రెండిటి స్టేట్‌మెంట్లు. కొట్లో నగదుతో నడిచే వ్యాపారం ఎంత పెద్దదైనా కాగితం మీద లేకపోతే లేనట్టే. రైతుకి పన్ను రిటర్ను ఉండదు కాబట్టి పట్టా, పంట అమ్మిన డబ్బు జమ అయిన ఖాతా, కిసాన్ క్రెడిట్ కార్డు పాసుబుక్కు ఆధారాలు. స్టేట్‌మెంట్ ఇంటర్నెట్ ప్రింటు కాకుండా బ్యాంకు ముద్ర, సంతకం ఉన్నదే తీసుకోండి.

పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నల ఫైలు ఇక్కడినుంచి ఎక్కువ. వాళ్ళకి అసలు బలం అక్కడినుంచి వచ్చే పత్రమే. ఒక్కో దేశానిది ఒక్కో పద్ధతి. జర్మనీలో ఉన్నవాళ్ళు తమ ఊరి విదేశీయుల కార్యాలయంలో 29 యూరోలు కట్టి ఖర్చుల బాధ్యత పత్రం తీసుకుంటారు. అసలు కాపీయే పంపాలి, ఆరు నెలల్లోపు వాడుకోవాలి. ఫ్రాన్స్‌లో ఆతిథ్య పత్రం మేయరు ఆఫీసు ఇస్తుంది. నెదర్లాండ్స్, బెల్జియంలకి విడివిడి హామీ ఫారాలున్నాయి. కొడుకు ఈమెయిల్‌లో రాసిన ఆహ్వానం లేఖ ఒక్కటే పెట్టి పంపే ఏజెంట్లకి ఈ తేడా తెలియదని అర్థం. ఆ హామీ పత్రంతోపాటు కొడుకు పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు కాపీలు, చిరునామా నమోదు, జీతం స్లిప్పులు, బంధుత్వం చూపే జనన ధ్రువపత్రం ఉండాలి. ఆ జనన ధ్రువపత్రంలో తల్లి పేరు పాస్‌పోర్టుతో కలవకపోవడం అన్నిటికన్నా తరచుగా కనిపించే లోపం.

రిజర్వేషన్ కాగితాల దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. వీసా రాకముందే టికెట్ కొనమని ఎవరూ అడగరు, రిజర్వేషన్ లేదా ప్రయాణ వివరం చాలు. కానీ నిజంగా విమాన సంస్థ వ్యవస్థలో ఉన్న రిజర్వేషన్ వేరు, షాపు కంప్యూటర్‌లో తేదీలు మార్చి ప్రింటు తీసింది వేరు. రెండోది దొంగ పత్రమే. దాన్ని జతచేసిన దరఖాస్తు మీద సంతకం పెట్టింది మీరు, ఏజెంటు కాదు. కాగితం చేతికొచ్చిన వెంటనే దానిమీది ఆరు అక్షరాల పీఎన్‌ఆర్‌ని (రిజర్వేషన్ నంబరుని) విమాన సంస్థ సైట్‌లో కొట్టి చూడండి. పేరు, తేదీ కనపడకపోతే డబ్బు వెనక్కి అడగండి. హోటల్ అయితే ఉచిత రద్దు సౌకర్యం ఉన్న గదిని మీ పేరుమీద మీరే బుక్ చేసుకోండి, నిర్ణయం వచ్చేదాకా రద్దు చేయొద్దు. కాన్సులేటు వాళ్ళు హోటల్‌కి ఫోన్ చేసి కనుక్కోవడం ఉంది.

కవరింగ్ లెటరు షాపువాళ్ళ మూస నుంచి వస్తుంది. ప్రతి ఫైలులోనూ అవే వాక్యాలు, యూరప్ సంస్కృతి మీద ఎనలేని ఆసక్తి. గుణుపురం రైతుకి బరోక్ చర్చిల మీద అంత మోజుందని ఏ అధికారి నమ్ముతాడు? ఒక పేజీలో మీరే రాసుకోండి: ఎవరు వెళ్తున్నారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ రోజు ఎక్కడ, ఖర్చెవరిది, తిరిగొచ్చాక ఇక్కడ చూసుకోవాల్సిందేమిటి.

బీమాకి కనీస పరిమితి 30,000 యూరోలు. షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించాలి, అత్యవసర వైద్యం, ఆస్పత్రి ఖర్చు, స్వదేశానికి తరలింపు ఉండాలి. ఏజెంటు తక్కువ ప్రీమియంతో తెచ్చే పాలసీల్లో డెబ్బై దాటినవాళ్ళకి లోపల ఉప-పరిమితులు ఉంటాయి. పైన లక్ష డాలర్లని రాసి ఉన్నా, గుండెకి ఇంతే, ఐసీయూకి ఇంతే అని చిన్నక్షరాల్లో కోస్తారు. ఉన్న బీపీ, షుగరు వల్ల వచ్చే ఖర్చు చాలా పాలసీలు ఇవ్వవు. వీసా కోసం ఏదైనా చాలనుకుంటే అది వేరు. అక్కడ ఆస్పత్రిలో పడితే కావాల్సింది వేరు. పాలసీని సైట్‌లో నేరుగా కొనుక్కోవడమే మేలు.

డబ్బుల లెక్క రాతపూర్వకంగా అడగండి. వీసా రుసుము 2024 జూన్ 11 నుంచి పెద్దలకి 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి 45, ఆరేళ్ళలోపు వాళ్ళకి లేదు. వీసా కేంద్రం సర్వీసు చార్జీ మామూలుగా వీసా రుసుములో సగం దాటకూడదని యూరోపియన్ వీసా నియమావళిలోనే ఉంది. కేంద్రంలో అమ్మే లాంజి, ఎస్సెమ్మెస్, ఫొటోకాపీ, కొరియర్ ఏదీ తప్పనిసరి కాదు. అయితే కోల్‌కతా నుంచి పాస్‌పోర్టు తెచ్చుకోవడానికి మళ్ళీ రైలెక్కే బదులు కొరియర్ ఒక్కటీ తీసుకోవచ్చు, ఫైలు ఇచ్చేటప్పుడు ఇంటి పిన్‌కోడ్‌కి డెలివరీ ఉందో లేదో అడిగి. "మొత్తం ఇంత" అని గుండుగుత్తగా చెప్పే షాపులో వీసా రుసుము, కేంద్రం చార్జీ, బీమా, వాళ్ళ కూలి నాలుగూ విడదీసి రాయమంటే అసలు ధర బయటపడుతుంది. అపాయింట్‌మెంట్‌కి వేరే ధర కడుతున్నారంటే, ఊరికే దొరికే స్లాటుని ముందే పట్టేసి అమ్ముతున్నారని అర్థం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు, కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. వేసవి ప్రయాణానికి జనవరి, ఫిబ్రవరిలోనే స్లాటు చూసుకుంటే ఈ బెడద ఉండదు. నిర్ణయానికి మామూలు గడువు 15 రోజులు, అవసరమైతే 45 దాకా లాగుతారు. ఎటియాస్ అనుమతి కూడా కావాలంటూ ఎవరైనా డబ్బడిగితే ఇవ్వొద్దు. అది వీసా అక్కర్లేని దేశాలవాళ్ళకి.

పాస్‌పోర్టు మనం యూరప్ నుంచి తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, పదేళ్ళలోపు ఇచ్చినదై ఉండాలి, రెండు పేజీలు ఖాళీ ఉండాలి. ఫొటో 35×45 మిల్లీమీటర్లు, ముఖం 70–80 శాతం నిండాలి, లేతరంగు వెనకతెర, ఆరు నెలల్లోపు తీసినది. మన స్టూడియోల్లో కొలత సరిగ్గానే కోస్తారు గానీ భుజాల దాకా చూపించి ముఖం చిన్నది చేస్తారు, పైగా తెల్లగా మెరుగులు దిద్దుతారు. దిద్దొద్దని ముందే చెప్పండి. వేలిముద్రలకి గోరింటాకు, కోతలు అడ్డం. ఆషాఢంలో అపాయింట్‌మెంట్ ఉన్న ఆడపిల్లలకి ఈ మాట ఇంట్లో పెద్దలు చెప్పాలి. ఒకసారి ఇచ్చిన ముద్రలు 59 నెలలు పనికొస్తాయి, పన్నెండేళ్ళలోపు పిల్లలకి అక్కర్లేదు.

వీసా అంటించి వచ్చాక ఏజెంటు పని అయిపోయిందంటాడు. స్టిక్కరు చదివి చెప్పే షాపు మాత్రం అరుదు. అక్కడ ఉండే మూడు గడులు వేరువేరు: ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎన్ని రోజులు, ఎన్నిసార్లు ప్రవేశం. మే 1 నుంచి జూన్ 15 దాకా, 30 రోజులు అని ఉంటే జూన్ 15 దాకా ఉండొచ్చని కాదు. ఆ మధ్యలో ఏవైనా 30 రోజులు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోవే. ఒకే ప్రవేశం ఉన్న వీసాతో పారిస్ నుంచి లండన్ చూసి మళ్ళీ వెనక్కి రాలేరు, పైగా లండన్‌కి బ్రిటన్ వీసా వేరే ఉండాలి. ఐర్లండ్ కూడా షెంగెన్‌లో లేదు. సైప్రస్ లేదు గానీ రెండు లేదా పలు ప్రవేశాల షెంగెన్ వీసా ఉన్నవాళ్ళని రానిస్తుంది. టికెట్ చౌకని హీత్రో మీదుగా కొనొద్దు: మామూలు షెంగెన్ పర్యటన వీసా ఉన్నా మనవాళ్ళకి అక్కడ విమానం మారే వీసా తప్పదు.

పలు ప్రవేశాల వీసా వచ్చినవాళ్ళకి 180 రోజుల్లో 90 లెక్క ముఖ్యం: ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకి మించి ఉండకూడదు. మార్చి 1న దిగి మే 29న బయల్దేరితే సరిగ్గా 90 అయిపోయాయి. మళ్ళీ అడుగుపెట్టగలిగేది ఆగస్టు 28న. 2025 అక్టోబరు 12 నుంచి పాస్‌పోర్టు మీద ముద్రల బదులు ముఖం, వేలిముద్రలు నమోదుచేసే ఈఈఎస్ వ్యవస్థ దశలవారీగా వచ్చింది, రోజులు ఇప్పుడు కంప్యూటరే లెక్కిస్తుంది. ఒక్కరోజు ఎక్కువున్నా దాగదు. దేశం నుంచి దేశానికి రైల్లో వెళ్ళేటప్పుడు కూడా పాస్‌పోర్టు సంచిలో ఉండాలి. 2024 సెప్టెంబరు 16 నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటిలో తనిఖీలు పెట్టింది. మూడేళ్ళలో రెండు వీసాలు సక్రమంగా వాడుకున్న భారతీయులకి రెండేళ్ళ వీసా, ఆ తర్వాత పాస్‌పోర్టు గడువు చాలినంత ఉంటే ఐదేళ్ళ వీసా ఇచ్చే పద్ధతి 2024 ఏప్రిల్‌లో వచ్చింది. కాబట్టి పాత వీసా కాపీలు తర్వాతి ఫైలులో తప్పక పెట్టించండి, షాపులవాళ్ళు మర్చిపోయేది ఇదే.

రిజెక్టయితే గడులకి టిక్కులు పెట్టిన ఒక ఫారం వస్తుంది: ప్రయాణ కారణం రుజువు కాలేదు, డబ్బు చాలదు, కాగితాల మీద అనుమానం, తిరిగొస్తారన్న నమ్మకం లేదు, ఇలా. రుసుము తిరిగిరాదు. ఆ ఫారం మీ చేతికి ఇవ్వకుండా "మళ్ళీ వేద్దాం" అనే ఏజెంటు, అదే ఫైలుని అదే రూపంలో ఇంకోసారి పంపుతాడు, ఫలితమూ అదే. ఫారం తీసుకుని, టిక్కు పడ్డ కారణానికి కొత్త ఆధారం ఏదైనా దొరికితేనే మళ్ళీ దరఖాస్తు పెట్టండి. జర్మనీకి అభ్యంతర లేఖ రాసి పంపే పద్ధతి 2025 జూలై 1 నుంచి ఎత్తేశారు. కొత్త దరఖాస్తు, లేదంటే బెర్లిన్ కోర్టులో దావా. అభ్యంతర లేఖ రాసిపెడతామని ఇంకా చార్జీ అడుగుతున్న షాపు ఉంటే, వాళ్ళ సమాచారం అంతకుముందటిది.